కొలువులోనే కొలతల చదువు

*ఇంటర్ వయసు దాటగానే నిర్మాణ సంస్థలో జీతానికి చేరడం, ఆ జీతం తీసుకుంటూనే ఐదేళ్లలో డిగ్రీ పట్టా అందుకోవడం, ఆపైన వృత్తి సంఘం గుర్తింపు పొందడం. ఇంగ్లండ్‌లో క్వాంటిటీ సర్వేయింగ్ నేర్చుకునే పిల్లలకు ఇప్పుడు ఈ దారి తెరిచి ఉంది. ఫీజు రూపాయి కట్టక్కర్లేదు. అయితే ఈ దారిలో అసలు విలువ ఫీజు మిగలడంలో లేదు.*

నెలాఖరు వస్తోందంటే కట్టడం జరిగే ప్రతిచోటా ఒకటే లెక్క నడుస్తుంది. ఈ నెల ఎంత పని అయింది? ఎంతకు బిల్లు పెట్టాలి? కాంట్రాక్టరు ఒక అంకె చెబుతాడు. యజమాని తరఫువాళ్లు ఇంకో అంకె చెబుతారు. మధ్యలో తాపీ పనివాళ్లు, సెంట్రింగ్ వాళ్లు, కరెంటు పనివాళ్లు తమ డబ్బు ఎప్పుడు చేతికొస్తుందా అని ఎదురుచూస్తుంటారు. ఆ రెండు అంకెల నడుమ న్యాయమైన అంకె ఏదో తేల్చేవాళ్లే క్వాంటిటీ సర్వేయర్లు. సైట్ల మీద క్యూఎస్ అంటే చాలు, అందరికీ తెలుస్తుంది. మన దగ్గర ఈ పనిలో ఎక్కువ భాగం బిల్లింగ్ ఇంజినీరు చేస్తాడు. ప్రభుత్వ పనుల్లోనైతే ఏఈ ఎంబీ అనే కొలతల పుస్తకంలో కొలతలు ఎక్కిస్తాడు, డీఈ వచ్చి చెక్ మెజర్‌మెంట్ చేస్తాడు.

పని మొదలు కాకముందు అంచనా వేయడం, టెండరుకు కావలసిన పరిమాణాల పట్టిక (బీఓక్యూ) తయారుచేయడం, ఒప్పందం రాయించడం, జరిగిన పనికి నెలనెలా విలువ కట్టడం, మధ్యలో వచ్చిన మార్పులకు రేటు తేల్చడం, చివరికి ఫైనల్ బిల్లు మూసేయడం. మొదటి గీత నుంచి ఆఖరి రూపాయి దాకా క్యూఎస్ పనే. ఇందులో సగం గణితం, సగం చట్టం. ఆ రెండింటి కింద నిజాయితీ ఉండాలి. అది పుస్తకంలో దొరకదు. అలాగని చదువు లేకుండా సైటు మీదే నేర్చుకుంటే, పక్కవాడు చేసే తప్పులు కూడా ఒప్పులుగానే తలకెక్కుతాయి. చదువునూ పనినీ ఒకేసారి, ఒకే మనిషి చేత, వేళలు కేటాయించి మరీ చేయించాలన్నది ఇంగ్లండ్ వాళ్లు డిగ్రీ అప్రెంటిస్‌షిప్ పేరుతో పెట్టుకున్న పద్ధతి. దాన్ని దగ్గరగా చూస్తే మనం నేర్చుకోవలసింది చాలా ఉంది.

లెక్క తప్పిన చోట

కట్టడాల్లో లెక్క తప్పడం కొత్త సంగతేమీ కాదు. 1834 అక్టోబరులో లండన్‌లోని పార్లమెంటు భవనం తగలబడిపోయింది. కొత్తది కట్టడానికి చార్లెస్ బ్యారీ అనే వాస్తుశిల్పి ఇచ్చిన అంచనా సుమారు 7.25 లక్షల పౌండ్లు, గడువు ఆరేళ్లు. పని ముగిసేసరికి ముప్పై ఏళ్లు దాటింది, ఖర్చు 20 లక్షల పౌండ్లు మించింది. ఆ శతాబ్దంలోనే, 1868లో, లండన్‌లో సర్వేయర్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. 1881లో దానికి రాణి సన్నదు దక్కింది. ఇప్పుడు ప్రపంచమంతటా ఆర్‌ఐసీఎస్ అని పిలిచే రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ చార్టర్డ్ సర్వేయర్స్ అదే.

లెక్క తప్పితే ఎవరి మీద పడుతుందో ఈ తరానికి చూపించింది కారిలియన్ అనే సంస్థ. బ్రిటన్‌లో ఆస్పత్రులు, రోడ్లు, బడులు కట్టిన పెద్ద కాంట్రాక్టరు అది. 2017 జులైలో తన కాంట్రాక్టుల విలువలో 84.5 కోట్ల పౌండ్ల కోత పెట్టుకోవాల్సి వచ్చింది. 2018 జనవరి 15న దివాలా తీసింది. అప్పటికి చేతిలో మిగిలిన నగదు 2.9 కోట్ల పౌండ్లు. దాదాపు 30 వేల మంది సరఫరాదారులకూ సబ్‌కాంట్రాక్టర్లకూ బాకీపడింది. తర్వాత పార్లమెంటు కమిటీలు విచారిస్తే, అవతలి పక్షం ఇంకా ఒప్పుకోని మొత్తాలను కూడా ఆదాయం కింద చూపించిన సంగతి బయటపడింది. ఆ సంస్థ కడుతుండగా సగంలో ఆగిన లివర్‌పూల్ రాయల్ ఆస్పత్రి 2022లో గానీ తెరుచుకోలేదు. బర్మింగ్‌హామ్ పక్కనున్న మిడ్‌ల్యాండ్ మెట్రోపాలిటన్ ఆస్పత్రికి 2024 దాకా పట్టింది. ఒక నెల బిల్లులో ఆశకొద్దీ వేసిన అంకె, ఆ తర్వాతి నెల ఇంకొంచెం పెంచిన అంకె, ఇలా పోగుపడి చివరికి రోగుల మంచాల దాకా వచ్చాయి. కొలత నేర్పే చదువుకు ఇంత పట్టింపు ఎందుకో ఈ ఒక్క ఉదంతం చాలు చెప్పడానికి.

సొమ్ము ఎవరిది?

డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లు ఇంగ్లండ్‌లో 2015లో మొదలయ్యాయి. 2017 ఏప్రిల్‌లో వాటికి నిధుల ఊట దొరికింది. ఏడాది జీతాల మొత్తం 30 లక్షల పౌండ్లు దాటిన ప్రతి సంస్థా, ఆ దాటిన మొత్తంలో 0.5 శాతం అప్రెంటిస్‌షిప్ లెవీ కట్టాలి. కట్టిన సొమ్ము సంస్థ పేరుతో ఒక ఖాతాలో ఉంటుంది. దాన్ని శిక్షణకే వాడుకోవాలి. గడువులోగా వాడకపోతే పోయినట్టే. ఎలాగూ కట్టక తప్పనప్పుడు నలుగురు పిల్లల్ని చేర్చుకుని నేర్పుకుందాం అనుకుంటాయి సంస్థలు. చిన్న సంస్థలకైతే శిక్షణ ఖర్చులో సింహభాగం ప్రభుత్వమే భరిస్తుంది. అప్రెంటిస్ దగ్గర మాత్రం ఫీజు వసూలు చేయకూడదు. ఇది నిబంధన.

అదే వయసు కుర్రాడు మామూలుగా యూనివర్సిటీలో చేరితే 2025-26లో ఏడాది ఫీజు 9,535 పౌండ్లు. ఆ లెక్కన మూడేళ్లకు 28,605 పౌండ్లు. బస, తిండి వేరు. ఎక్కువమంది విద్యారుణం తీసుకుంటారు. 2023 ఆగస్టు తర్వాత చేరినవాళ్లు జీతం ఏడాదికి 25 వేల పౌండ్లు దాటిన దగ్గర్నుంచి, ఆ దాటిన మొత్తంలో 9 శాతం చొప్పున 40 ఏళ్ల వరకూ కడుతూ ఉండాలి. అప్రెంటిస్‌కు ఈ బరువు లేదు. పైగా మొదటి నెల నుంచే జీతం. చట్టం చెప్పిన కనీస వేతనం చూస్తే తక్కువే. మొదటి ఏడాది అప్రెంటిస్‌కూ, 19 ఏళ్లు నిండనివాళ్లకూ 2025-26లో గంటకు 7.55 పౌండ్లు ఉండేది. కానీ పేరున్న సంస్థలు అంతకన్నా మెరుగ్గానే ఇస్తాయి, ఏటేటా పెంచుతాయి.

ఇందులో చేరడానికి ముందు ఉద్యోగం దొరకాలి. యూనివర్సిటీ సీటు దాని వెనకే వస్తుంది. దరఖాస్తు సంస్థకు పెట్టుకోవాలి, ఇంటర్వ్యూ సంస్థ చేస్తుంది, ఏ యూనివర్సిటీకి పంపాలో కూడా చాలావరకు సంస్థే చూసుకుంటుంది. నాటింగ్‌హామ్ ట్రెంట్, సాల్ఫర్డ్, నార్తంబ్రియా, షెఫీల్డ్ హాలమ్, లండన్ సౌత్ బ్యాంక్ లాంటి యూనివర్సిటీలు ఈ చదువుకు పేరు పడ్డాయి. 1919లో పుట్టి, ఇప్పుడు యూనివర్సిటీ ఆఫ్ ది బిల్ట్ ఎన్విరాన్‌మెంట్ అని పేరు మార్చుకున్న రెడింగ్‌లోని సంస్థ ఆన్‌లైన్‌లోనే నేర్పుతుంది.

మొదటి పాఠం: ఒక గొయ్యి

కొత్తగా చేరిన అప్రెంటిస్ చేతికి డ్రాయింగులు ఇచ్చి కొలతలు తీయమంటారు. స్క్రీన్ మీద పునాది ప్లాను తెరిచి, స్కేలు సరిచూసుకుని, ఒక్కో గోడ, ఒక్కో దూలం మీద గీత గీస్తూ పొడవు, వెడల్పు, లోతు రాబట్టాలి. కాంక్రీటుకు ఘనపు మీటర్లు, షట్టరింగుకు చదరపు మీటర్లు, ఇనుముకు టన్నులు. ఇక్కడిదాకా మన పాలిటెక్నిక్ కుర్రాడికి తెలియనిదేమీ లేదు. 16 ఎంఎం కడ్డీ మీటరుకు ఎంత తూగుతుందని అడిగితే మన మేస్త్రీ కూడా డీ స్క్వేర్ బై 162 వేసి 1.58 కిలోలని చెబుతాడు. అక్కడా అదే ఇనుము, అదే తూకం.

కష్టమంతా నియమంలో ఉంటుంది. ఒక గొయ్యి తవ్వారనుకుందాం. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు. డ్రాయింగు లెక్కన 200 ఘనపు మీటర్లు. కానీ తవ్విన మట్టి వదులవుతుంది, ఉబ్బుతుంది. బంకమట్టి 30 శాతం ఉబ్బిందనుకుంటే బయటపడే కుప్ప 260 ఘనపు మీటర్లు. లారీకి పది ఘనపు మీటర్లు పడితే లెక్క ప్రకారం ఇరవై ట్రిప్పులు, నిజంగా తిరిగేది ఇరవై ఆరు. ఆ ఆరు ట్రిప్పుల డబ్బు ఎవరివ్వాలి?

మన ఊళ్లలో ఇళ్ల పునాదుల దగ్గర ఇది ఏటా నడిచే తగాదాయే. టిప్పరు యజమాని ట్రిప్పులు లెక్కపెడతాడు, ఇంటాయన గొయ్యి కొలుస్తాడు. బ్రిటన్‌లో దీనికి రాతపూర్వకమైన జవాబుంది. ఆర్‌ఐసీఎస్ 2012లో తెచ్చిన ఎన్ఆర్ఎం2 అనే కొలతల నియమావళి ప్రకారం తవ్వకాన్ని నేలలో ఉన్న పరిమాణంగానే కొలవాలి. మట్టి ఉబ్బడానికీ, పనివాళ్లు దిగి తిరగడానికి పక్కన అదనంగా తవ్వే చోటుకూ వేరే కొలత ఇవ్వరు. అవన్నీ కాంట్రాక్టరు ముందే ఆలోచించుకుని తన రేటులో కలుపుకోవాలి. టెండరు వేసే పదిమందికీ నియమం ఒకటే కాబట్టి, ఎవరి రేటు ఎక్కువో ఎవరిది తక్కువో న్యాయంగా పోల్చవచ్చు.

ఈ ఒక్క గొయ్యి దగ్గరే అప్రెంటిస్‌కు మూడు సంగతులు బోధపడతాయి. వాస్తవంగా జరిగిన పని వేరు, డబ్బు చెల్లించే కొలత వేరు. ఆ రెండింటి నడుమ ఉన్న తేడాను ఎవరు భరించాలో పని మొదలుకాకముందే తేల్చుకోవాలి. తేల్చనిచోట బలమున్నవాడు గెలుస్తాడు. సోమవారం సైటులో ఆ మట్టి కుప్ప పక్కన నిలబడిన పిల్లాడికి గురువారం క్లాసులో నియమావళి చెబితే, ఆ నియమం ఎందుకు పుట్టిందో ఇక విడమరిచి చెప్పక్కర్లేదు. మనకూ ఐఎస్ 1200 అనే కొలతల ప్రమాణం ఉంది. బీటెక్‌లో దాన్ని ఒక ప్రశ్నగా చదివి, మార్కులు తెచ్చుకుని మర్చిపోయినవాళ్లు ఎందరో! సైటులో మొదటి బిల్లు వెనక్కి వచ్చినప్పుడు గానీ అది మళ్లీ గుర్తుకురాదు.

వారంలో ఒక రోజు

ఈ పద్ధతికి ప్రాణం ఎక్కడుందని అడిగితే, జీతంతో కూడిన చదువు రోజులో ఉంది. చాలా కోర్సుల్లో వారానికి నాలుగు రోజులు పని, ఒక రోజు యూనివర్సిటీ. కొన్నిచోట్ల వారం చొప్పున గుంపుగా క్లాసులు పెడతారు. ఎలా పెట్టినా శిక్షణ సమయం పని వేళల్లోనే ఇవ్వాలని, ఆ వేళకు జీతం కోయకూడదని నియమం. సైటులో ఎంత హడావిడి ఉన్నా, రేపు టెండరు గడువున్నా, ఆ రోజు ఆ పిల్లవాడిదే.

వినడానికి చిన్న సంగతిలా ఉంటుంది. ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో పట్టా కోసం తంటాలు పడినవాళ్లని అడిగితే దాని విలువ తెలుస్తుంది. రాత్రి పదింటికి ఇంటికి చేరి పుస్తకం తెరిస్తే కళ్లు మూతలు పడతాయి. పరీక్షలకు సెలవు అడిగితే పైవాడి మొహం మాడుతుంది. ఇంగ్లండ్ అప్రెంటిస్‌కు చదువుకోవడం కూడా ఉద్యోగంలో భాగమే కాబట్టి ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు.

దీనికి తోడు కాపలా కూడా ఉంది. సుమారు పన్నెండు వారాలకోసారి అప్రెంటిస్, పై అధికారి, యూనివర్సిటీ ప్రతినిధి ముగ్గురూ కూర్చుంటారు. ఈ మూడు నెలల్లో ఏం నేర్చుకున్నావు, ఏం చేతికి రాలేదు, వచ్చే మూడు నెలల్లో ఏ పని అప్పగించాలి అని మాట్లాడుకుంటారు. ఏడాదంతా ఒకే పని, అంటే కొలతలు తీయడమో ఫైళ్లు సర్దడమో చేయిస్తూ ఉంటే అక్కడ బయటపడుతుంది. శిక్షణ జరిగిందని కాగితాల మీద చూపించి సరిపెట్టడం అంత తేలిక కాదు. అలాగని అన్ని సంస్థలూ శ్రద్ధగా నేర్పుతాయని కాదు. అడిగే మనిషి ఒకరుంటారు, అడిగే రోజు ఒకటి ఉంటుంది. ఆ తేడా చాలా పెద్దది.

తేదీ తప్పితే డబ్బు కట్టాల్సిందే

రెండో ఏడో, మూడో ఏడో వచ్చేసరికి అప్రెంటిస్‌ను నెలవారీ విలువ కట్టే పనిలోకి దింపుతారు. సబ్‌కాంట్రాక్టరు దరఖాస్తు పెడతాడు: గోడలకు ప్లాస్టరింగ్ 80 శాతం అయిందని. అప్రెంటిస్ సైటుకు వెళ్లి గది గదీ తిరిగి చూస్తాడు. మూడో అంతస్తులో రెండు గదులు మిగిలాయి, మెట్ల దగ్గర పగుళ్లు తేలాయి. 70 శాతమే అని రాసుకుంటాడు. ఆ పది శాతం తేడా కాగితం మీద అంకె. అవతలివాడికి అది పదిమంది పనివాళ్ల వారం కూలి. ఈ సంగతి ఎదురుగా నిలబడి మాట్లాడినప్పుడే తలకెక్కుతుంది.

బ్రిటన్‌లో ఈ చెల్లింపుల తతంగానికి 1996 నాటి నిర్మాణ చట్టం కట్టుదిట్టమైన గడువులు పెట్టింది. ఎంత చెల్లిస్తామో నోటీసు ఇవ్వాలి. అందులోంచి తగ్గించదలచుకుంటే, ఎందుకు తగ్గిస్తున్నామో లెక్కతో సహా గడువులోగా ఇంకో నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే, పని బాగోలేదనే వాదన ఎంత బలంగా ఉన్నా, ముందు అడిగిన సొమ్ము కట్టాల్సిందే. తగువు ముదిరితే అడ్జుడికేటర్ అనే తీర్పరి దగ్గరికి వెళ్లవచ్చు. ఆయన మామూలుగా 28 రోజుల్లో తేల్చేయాలి. కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరగనక్కర్లేదు.

కాంట్రాక్టు రకాన్ని బట్టి గడువులు మారుతుంటాయి. అక్కడ జేసీటీ, ఎన్ఈసీ అనే రెండు రకాల ఒప్పంద పత్రాలు ఎక్కువ వాడుకలో ఉన్నాయి. ఎన్ఈసీ ఒప్పందంలో ఖర్చు పెంచే సంఘటన ఏదైనా జరిగితే, దాన్ని గమనించిన ఎనిమిది వారాల్లో కాంట్రాక్టరు తెలియజేయాలి. లేకపోతే చాలా సందర్భాల్లో ఆ సొమ్ము మీద హక్కే పోతుంది. క్లాసులో ఇది ఒక క్లాజు. ఆఫీసులో అప్రెంటిస్ డెస్క్ మీద ఒక తేదీ. ఆ తేదీ తప్పితే సంస్థకు లక్షల పౌండ్ల నష్టం రావచ్చు. ఇరవై ఏళ్లకే ఇంత బాధ్యత నెత్తిన పడితే భయం వేస్తుంది. కానీ వెనక సంతకం పెట్టే పెద్దమనిషి ఉంటాడు. తప్పు పోకముందే పట్టుకునేవాడు పక్కన ఉండగా బాధ్యత మోయడం నేర్వడమే అప్రెంటిస్‌షిప్.

గంటసేపు, ఎదురెదురుగా

క్వాంటిటీ సర్వేయింగ్‌లో ఈ తరహా శిక్షణలు ఒకటికి మించి ఉన్నాయి. వాటిలో చార్టర్డ్ సర్వేయర్ డిగ్రీ అప్రెంటిస్‌షిప్ చివరి మజిలీ ఆర్‌ఐసీఎస్ పరీక్షే. డిగ్రీ పట్టా చేతికొచ్చినంత మాత్రాన అయిపోదు. తాను స్వయంగా పనిచేసిన ఒక ప్రాజెక్టు మీద 3,000 పదాల నివేదిక రాయాలి. ఏ పనులు తెలుసు, ఏవి చేశాను, వేటి మీద ఇతరులకు సలహా చెప్పగలను అని మూడు మెట్లుగా తన అనుభవాన్ని విడమరచి చూపాలి. ఆపైన అనుభవజ్ఞులైన సర్వేయర్ల ముందు గంటసేపు ఇంటర్వ్యూ. మొదటి పది నిమిషాలు తన ప్రాజెక్టు గురించి తాను చెప్పాలి. మిగతాదంతా వాళ్ల ప్రశ్నలు.

ఆ ప్రశ్నలకు బట్టీ పట్టిన జవాబులు పనికిరావు. ఈ ఒప్పంద పత్రమే ఎందుకు ఎంచుకున్నారు? ఈ మార్పుకు ఆ రేటు ఎలా తేల్చారు? యజమాని బడ్జెట్ దాటిపోతుంటే ఏం సలహా చెప్పావు? పని చేసినవాడికి నోట్లోంచి మాట వస్తుంది, చేయనివాడికి చెమటలు పడతాయి. అన్నిటికన్నా ముఖ్యం నైతిక ప్రవర్తన మీద అడిగే ప్రశ్నలు. టెండరు తెరవబోయే ముందు ఓ కాంట్రాక్టరు నీకు క్రికెట్ మ్యాచ్ టిక్కెట్లు పంపితే ఏం చేస్తావు? నీ చుట్టానికి చెందిన సంస్థ టెండరు వేస్తే ఎవరికి చెబుతావు? ఇక్కడ తడబడితే మిగతాదంతా బాగా చెప్పినా గట్టెక్కడం కష్టం. గెలిస్తే ఆర్‌ఐసీఎస్ సభ్యత్వానికి గుర్తుగా పేరు పక్కన ఎంఆర్‌ఐసీఎస్ అని రాసుకునే హక్కు వస్తుంది. పాతికేళ్లు నిండకుండానే, అప్పు లేకుండా, ఐదేళ్ల అనుభవంతో.

డబ్బు లెక్క తేల్చే వృత్తిలో చేరేవాణ్ని నిజాయితీ గురించి ముఖాముఖి నిలదీయడం నాకు ఈ పద్ధతిలో అన్నిటికన్నా నచ్చిన సంగతి. కొలత పుస్తకంలో అంకె వేసే చేతిని ఎవరు నమ్మాలి, ఎందుకు నమ్మాలి అన్న ప్రశ్నను ఉద్యోగంలో స్థిరపడకముందే అడుగుతున్నారు.

తేలికేం కాదు

ఇదంతా పూలబాట అనుకుంటే పొరపాటు. స్కూలు స్నేహితులు హాస్టళ్లలో చేరి, క్యాంపస్‌లో తిరుగుతూ, పొద్దెక్కి నిద్రలేస్తుంటే, అప్రెంటిస్ చీకటితోనే హెల్మెట్, బూట్లు సర్దుకుని రైలెక్కాలి. చలికాలంలో సైటు క్యాబిన్ దాకా బురదలో నడవాలి. చదువు రోజు ఇచ్చినా అసైన్‌మెంట్లన్నీ అందులో తెమలవు. సాయంత్రాలు, ఆదివారాలు వాటికే పోతాయి. ఐదేళ్లు ఇలా సాగించాలంటే ఓపిక కావాలి. మధ్యలో మానేసేవాళ్లూ ఉన్నారు.

ఉద్యోగం పోతే చదువుకూ గండమే. కారిలియన్ కూలినప్పుడు అందులోని అప్రెంటిస్‌లు దిక్కుతోచక నిలబడ్డారు. నిర్మాణ రంగ శిక్షణ మండలి పూనుకుని వాళ్లకు వేరే సంస్థలు వెతికిపెట్టాల్సి వచ్చింది. ఇప్పుడైతే సంస్థ తీసేసినా కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి పన్నెండు వారాల దాకా శిక్షణ ఆగకుండా చూస్తారు. ఇక ఈ అవకాశం ఎవరికి అందుతోంది అన్నది ఇంకో ప్రశ్న. బీద కుటుంబాల పిల్లలకన్నా ఉన్న ఇళ్ల పిల్లలకే డిగ్రీ అప్రెంటిస్‌షిప్‌లు ఎక్కువ దక్కుతున్నాయని సటన్ ట్రస్ట్ అనే సంస్థ పదేపదే ఎత్తిచూపింది. సమాచారం తెలిసిన తల్లిదండ్రులు, ఇంటర్వ్యూకు తయారుచేసే స్కూళ్లు ఉన్నవాళ్లు ముందుంటున్నారు. మంచి పథకం కూడా తనంతట తాను పేదవాడి గడప తొక్కదు.

మనవాళ్లకు అందుతుందా?

*• ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు, అక్కడ నివాస నిబంధనలకు సరిపోతే, మన ఇంటర్ లాంటి ఏ-లెవెల్స్ తర్వాత దరఖాస్తు చేసుకోవచ్చు. డాక్టరు, కంప్యూటర్లు కాకుండా ఇంకో దారి ఉందని ఇంట్లో మాట్లాడుకోవడం మంచిది.*

*• హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో స్టూడెంట్ వీసా మీద వెళ్లేవాళ్లు ఇందులో చేరలేరు. వాళ్లకు క్లాసులు నడిచే కాలంలో వారానికి 20 గంటలకు మించి పని చేసే అనుమతి ఉండదు. చదువుతూనే జీతం అంటూ ఏ కన్సల్టెన్సీ అయినా ఆశపెడితే నమ్మి డబ్బు కట్టొద్దు.*

*• ఆర్‌ఐసీఎస్ గుర్తింపున్న ఎంఎస్సీ చేసి, ఉద్యోగం సంపాదించి, ఆ తర్వాత ఆ సంఘం చార్టర్డ్ పరీక్ష రాయడం స్టూడెంట్ వీసా మీద వెళ్లేవాళ్లకున్న దారి. ఈ పరీక్షను ఇండియాలోనో గల్ఫ్‌లోనో పనిచేస్తూ కూడా రాయవచ్చు.*

*• స్కాట్లాండ్, వేల్స్‌లో ఈ పథకాల పేర్లు, నియమాలు వేరు. దరఖాస్తుకు ముందు చూసుకోవాలి.*

మన దగ్గర ఏం చేయవచ్చు?

దుబాయ్, దోహా సైట్లలో ఎందరో తెలుగు బిల్లింగ్ ఇంజినీర్లు బ్రిటిష్ కొలతల సంప్రదాయంలోనే పనిచేస్తున్నారు. ఇక్కడ కాలేజీలో నేర్చుకున్నది అక్కడ చాలక, రాత్రుళ్లు కూర్చుని కాంట్రాక్టు క్లాజులు సొంతంగా నేర్చుకున్నవాళ్లే ఎక్కువ. వాళ్ల ప్రతిభకు లోటేమీ లేదు. వాళ్లకు నేర్పే ఏర్పాటే మనం చేయలేదు.

ఏర్పాటుకు కావలసిన ముడిసరుకు మన చేతిలో లేకపోలేదు. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఉంది. దాని కింద పట్టభద్రులకూ డిప్లొమావాళ్లకూ ఏడాది శిక్షణ ఇస్తే కనీస స్టయిపెండ్‌లో సగం కేంద్రం భరించే పథకం ఉంది. మన పాలిటెక్నిక్‌లలో ఆరు నెలల పారిశ్రామిక శిక్షణ ఉంది. డిగ్రీలోనే అప్రెంటిస్‌షిప్ కలిపే కోర్సులకు యూజీసీ 2020లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. రిటైల్, లాజిస్టిక్స్ లాంటి రంగాల్లో అవి మొదలయ్యాయి కూడా. ఇళ్లు, రోడ్లు, ప్రాజెక్టులు, ఒక రాజధాని నగరమే కడుతున్న రాష్ట్రాల్లో నిర్మాణ లెక్కలు నేర్పే కోర్సులకు మాత్రం ఆ ఊపు రాలేదు. ఇంటర్న్‌షిప్ అంటే సర్టిఫికెట్ తెచ్చుకునే తంతుగా మిగిలిన కాలేజీలు ఎన్నో మనకు తెలుసు. అప్రెంటిస్ అనగానే చదువు అబ్బని పిల్లవాడు చేరేదన్న చులకన మన ఇళ్లలో ఇంకా ఉంది.

ఇంగ్లండ్ నిధులు మనకు లేకపోవచ్చు. కానీ అక్కడి పద్ధతిలో మూడు సంగతులకు పెద్ద ఖర్చు లేదు. మొదటిది, పని వేళల్లోనే చదువుకు కేటాయించిన రోజు. రెండోది, ఏ పని ఎవరి పర్యవేక్షణలో నేర్చుకున్నాడో మూడు నెలలకోసారి కాలేజీ, సంస్థ కలిసి సంతకం పెట్టే డైరీ. మూడోది, కాలేజీకీ సంస్థకూ సంబంధం లేని పెద్దలు గంటసేపు కూర్చుని చేసే చివరి ఇంటర్వ్యూ, అందులో నిజాయితీ మీద తప్పనిసరి ప్రశ్నలు. బ్రిటన్‌లో ప్రభుత్వ పనుల టెండర్లలో ఎంతమంది అప్రెంటిస్‌లను తీసుకుంటారని కాంట్రాక్టర్లను అడగడం మామూలైపోయింది. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ పెద్ద పనుల టెండరు షరతుల్లో ఈ ఒక్క వాక్యం చేర్చవచ్చు: ఇంత విలువ దాటిన పని దక్కించుకున్న కాంట్రాక్టరు కొలతలు, బిల్లుల విభాగంలో ఇంతమంది విద్యార్థులను జీతమిచ్చి, చదువుకు వేళ ఇచ్చి, నేర్పాలి.

ఎంబీలో రాసిన ప్రతి అంకె వెనకా ప్రజల సొమ్ముంది, కూలివాడి రోజుంది. ఆ అంకె వేసే మనిషిని తయారుచేయడానికి ఐదేళ్లు పట్టినా ఎక్కువ కాదు. ఆ ఐదేళ్లూ అతని కడుపు మాడ్చకుండా, అతని ఇంటి మీద అప్పు మోపకుండా నేర్పవచ్చని ఒక దేశం చేసి చూపించింది. మన పిల్లలకూ ఆ అవకాశం ఇవ్వాలి. వచ్చే విద్యాసంవత్సరానికే ఒక పాలిటెక్నిక్‌తో, ఒక పెద్ద ప్రాజెక్టుతో మొదలుపెట్టినా చాలు, పని ఎలా ఉంటుందో అందరికీ కనిపిస్తుంది.